కెలవరపల్లి నుంచి కృష్ణగిరి డ్యాం దాకా: నా పాత వాచీ, నా కొత్త వాచీ

ఈ ప్రయాణానికి కారణం అసూయ. ఇలాంటివి రాసేటప్పుడు అందరూ కొండలు పిలిచాయనో, రోజువారీ పనితో విసుగొచ్చిందనో మొదలుపెడతారు. నన్ను ఏ కొండా పిలవలేదు. మా ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మునిరాజు చేతికి నా పాత జీపీఎస్ వాచీ ఉంది. దాన్ని పెట్టుకుని అతను నాకంటే బాగా పరిగెత్తుతున్నాడు. అది చూడలేక కడుపు మండి, రెండు వాచీలనూ పోల్చి చూద్దామనే వంకతో ఒక ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

మోకాలి లిగమెంటు దెబ్బతిని పరుగు మానేసిన రోజుల్లో, సొరుగులో పడి ఉన్న ఆ వాచీని మునిరాజుకు నాలుగు వేలకు ఇచ్చేశాను. నేను కొన్నప్పుడు అది పంతొమ్మిది వేలు. మొన్న మార్చిలో అదే కంపెనీ, అదే మోడలు, రెండు తరాల తర్వాత వచ్చినది నలభై రెండు వేలు పెట్టి కొన్నాను. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది నా గురించే. మోకాలు బాగైంది కాబట్టి కొన్నానని ఇంట్లో చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఫ్యాక్టరీ ఆటల పోటీల్లో మునిరాజుకు ఐదు కిలోమీటర్ల పరుగులో రెండో బహుమతి వచ్చింది. అందరూ అతని భుజం తడుతుంటే, నేను క్యాంటీను స్తంభం పక్కన నిలబడి మజ్జిగ తాగుతూ అతని చేతికున్న వాచీనే చూస్తూ ఉండిపోయాను. ఆ వారమే కొత్తదానికి ఆర్డరు పెట్టాను.

ఇక్కడ నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే మాకు ఒక అలవాటుంది. గ్యాస్ బుకింగు దగ్గర్నుంచి పిల్లల స్కూలు దాకా ఎవరు మెయిలు అడిగినా ఆఫీసు మెయిలే ఇచ్చేస్తాం. పాత వాచీ ఖాతా కూడా నేను అలాగే తెరిచాను. తర్వాత ఆ కంపెనీ మారాను. మెయిలు పోయింది, పాస్‌వర్డు పోయింది, నా పరుగుల చరిత్రంతా దానితోపాటే పోయింది. ఇక నా గొప్పంతా పాత వాచీ కడుపులోనే మిగిలింది. అందులో రెండు రికార్డులున్నాయి. హోసూరు పక్కన కెలవరపల్లి ఆనకట్ట దగ్గర ఐదు కిలోమీటర్లు ఇరవై నాలుగు నిమిషాల పది సెకన్లు. కృష్ణగిరి డ్యాం దగ్గర పది కిలోమీటర్లు యాభై ఒక్క నిమిషాల ఇరవై సెకన్లు. నలభై రెండేళ్ళ వయసులో నేను అలా పరిగెత్తానంటే మా ఆవిడే నమ్మదు. నమ్మించడానికి నాకున్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ వాచీ. అమ్మేటప్పుడు లోపలున్నదంతా తుడిచేసి ఇస్తానంటే మునిరాజు వద్దన్నాడు. నాకూ చేతులు రాలేదు.

డిసెంబరు నెలలో హోసూరు పక్కనున్న మా మత్తిగిరి నుంచి తెల్లవారుజామున ఐదు గంటలకు స్కూటరు మీద బయల్దేరితే చలి చెవులు కొరుకుతుంది. మంకీ క్యాపు తప్పనిసరి. నైట్ షిఫ్టు దిగిన మునిరాజు తన బైకు మీద నేరుగా కెలవరపల్లికి వచ్చేశాడు. ఐదూ నలభైకి ఇద్దరం ఆనకట్ట దగ్గరున్నాం. పొగమంచులో నీళ్ళు కనిపించవు, ఫ్యాక్టరీల మురుగు కలిసి షట్టర్ల కింద తేలే తెల్లని నురగ మాత్రం వాసనతో సహా తెలుస్తుంది. మీరు వెళితే గట్టు మీదనుంచే చూడండి, కిందికి దిగకండి. సూర్యుడు పైకొచ్చాక ఆ చోటు బాగుంటుంది. కొంగలు వరసగా నిలబడి ఉంటాయి.

పొలాల మధ్య దారిలో రెండున్నర కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి రావాలనుకున్నాం. ఇద్దరం ఒకేసారి బటన్లు నొక్కాం. కొత్త వాచీ పది సెకన్లలో ఉపగ్రహాలను పట్టుకుంది. పాతది ఒకటిన్నర నిమిషం తీసుకుంది. ఆ ఒకటిన్నర నిమిషం నేను చాలా సంతోషంగా గడిపానని ఒప్పుకోవాలి. కొత్తదాని తెర చీకట్లో దీపంలా వెలుగుతుంది, దారి పటం చూపిస్తుంది, చెమట తడిలోనూ వేలు తాకితే పలుకుతుంది. పాతదానికి పటాల్లేవు, తెర మీద గీతలు, పట్టీకి మునిరాజు కట్టుకున్న నల్ల దారం. తర్వాత ఫోనులో చూస్తే కొత్తది గీసిన గీత సరిగ్గా దారి మీదే ఉంది, పాతది మాత్రం మునిరాజును రెండు చోట్ల నీళ్ళ మీద నడిపించింది. ఇంతవరకు గెలుపు నాదే.

అతను నన్ను మొదటి మలుపులోనే వదిలేసి వెళ్ళిపోయాడు. నేను ముప్ఫై ఆరు నిమిషాలకు, మోకాలు పట్టుకుని తిరిగొచ్చేసరికి అతను స్కూటరుకు ఆనుకుని పల్లీలు తింటున్నాడు.

"సార్, ఇందులో ఏందో కప్పు బొమ్మ వచ్చింది చూడండి," అని చెయ్యి చాపాడు.

ఇరవై మూడు నిమిషాల నలభై ఒక్క సెకన్లు. కొత్త రికార్డు. ఆ పాత వాచీలో ఒక్కో దూరానికి ఒకే అంకెకు చోటుంటుంది, కొత్తది రాగానే పాతది పోతుంది. నా ఇరవై నాలుగు పది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. "శభాష్ అప్పా" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో చెప్పలేను. సరిగ్గా అప్పుడే నా నలభై రెండు వేల వాచీ గీమని, నా శ్రమ ఫలించడం లేదనీ, రెండు రోజులు విశ్రాంతి తీసుకోమనీ, నా శరీరం వయసు యాభై ఏడనీ చెప్పింది. నాకు నలభై ఆరు. పాత వాచీకి ఇన్ని మాటలు రావు. కొనేవాళ్ళు ఈ తేడా కూడా లెక్కలో పెట్టుకోండి.

హైవే ఎక్కి శూలగిరి దాటే ముందు ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. నాలుగిడ్లీ నలభై రూపాయలు, కాఫీ పదిహేను. చట్నీలో కొబ్బరికంటే పుట్నాలు ఎక్కువ, అయినా బాగుంటుంది. అక్కడ మునిరాజు వాచీ తిప్పి చూసుకుని, "బ్యాటరీ నలభై నాలుగు ఉండాది సార్. పొద్దున అరవై ఉండె. సాయంత్రం డ్యాం కాడ పది కిలోమీటర్లకి చాలుతాదా?" అన్నాడు.

"ఛార్జింగ్ వైరు ఏమైంది?"

"మేకపిల్ల నమిలేసింది గదా సార్. ఆ పాత మోడలు ఛార్జింగ్ క్లిప్పు యాడా దొరకడం లేదు. స్టోర్సులో ఒకాయప్ప కాడ ఉంటే ఆడనే పెట్టుకుంటా ఉండాను."

మేకపిల్ల సంగతి నాకు ముందే తెలుసు, తెలియనట్టు అడిగానంతే. అందుకే ఆ ముందు రోజు సొరుగు వెతికి, ఆ మోడలుకే పట్టే అదనపు క్లిప్పు ఒకటి దొరికితే, రబ్బరు బ్యాండు చుట్టి, పవర్‌బ్యాంకుతో సహా నా బ్యాగు పక్క జేబులో పెట్టుకొచ్చాను. అతనికి ఇద్దామనే తెచ్చాను. ఇది నిజం. కెలవరపల్లిలో ఆ కప్పు బొమ్మ రాకుండా ఉంటే ఇచ్చేసేవాణ్ణి. బ్యాగు నా ఒళ్ళోనే ఉంది, చెయ్యి దాని మీదే ఉంది.

"చాలొచ్చులే," అన్నాను.

శూలగిరి నుంచి గురుబరపల్లి దాకా దారి బాగుంటుంది, కానీ లారీలు ఎక్కువ, ఎడమ పక్కే ఉండాలి. బస్సులో వచ్చేవాళ్ళు హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కితే గంటంపావు. టికెట్టు యాభై చిల్లర. గురుబరపల్లి దగ్గర దిగి ఆటో చూసుకోవచ్చు. మునిరాజు ఇల్లు హైవేకి లోపల రెండు కిలోమీటర్లు. ఇంటి ముందు గొర్రెల దొడ్డి, వెనక రాగి చేను, గోడ మీద కొత్త డిష్ యాంటెనా. అతను నైట్ షిఫ్టు చేసొచ్చినా గొర్రెలను తోలేది తనే. మేము వెళ్ళేసరికి పదిన్నర. అతను రెండు గంటలు పడుకుని లేచాడు. నేను అరుగు మీద కూర్చుని రెండు వాచీలనూ పక్కపక్కన పెట్టి ఫోటోలు తీశాను.

అతని భార్య చంద్రమ్మది కుప్పం వైపు. రాగి సంగటి, అనపగింజల పులుసు పెట్టింది. ఆ పులుసు కోసమైనా మీరు డిసెంబరులోనే ఈ దారిన వెళ్ళాలి. కంచం ముందు కూర్చున్నాక ఆమె అంది, "మీరు రాసేదంతా నేనే చదివి వినిపిస్తాను సార్. ఈయప్పకి తెలుగు మాట్లాడేది వస్తాది గానీ చదివేది రాదు, తమిళంలో చదివినాడు. పోయినసారి మీరు బస్టాండు కాడ వడ గురించి రాసింటిరే, రెండుమాట్లు చదివించుకున్నాడు."

నాకు సంతోషమే కలిగింది. ఆ తర్వాతి మాటతో అది పోయింది.

"పొద్దున లేస్తానే ఒకటే పాట సార్. 'సార్ పోతా ఉండాడు, సార్ పోతా ఉండాడు' అని షూ ఏసుకుని ఉరుకుతాడు. ఏ సారు అంటే వాచీలో ఉండాడంట."

ఏమిటని మునిరాజును అడిగాను. అతను సిగ్గుపడుతూ వాచీ నొక్కి చూపించాడు. రికార్డుగా ఉన్న పాత పరుగును ఎంచుకుంటే, దానితో పోటీ పడే ఏర్పాటు అందులో ఉంది. తెర మీద రెండు బొమ్మలు పరిగెత్తుతాయి. నల్లది ఇప్పుడు పరిగెత్తేవాడిది, బూడిదరంగుది ఆ పాత పరుగుది. అతను ఎంచుకున్నది నా కృష్ణగిరి డ్యాం పరుగు.

"ఈ బూడిద బొమ్మ మీరే సార్. ఒకటిన్నర సంవత్సరంగా మీ ఎనకాలే ఉరుకుతా ఉండాను. మొదట్లో మీరు నాకు కనపడేవాళ్ళే కాదు, అంత ముందర పోయేవాళ్ళు. ఈ నెలలోనే దగ్గరికి వచ్చినాను. ఆ దారి మీదనే ఉరికితే పట్టుకుంటానని నమ్మకం."

ఇంకెవరికైనా అయితే కళ్ళు చెమర్చేవి. నేను మాత్రం ఆ బూడిద బొమ్మనే చూస్తూ సంగటి ముద్దను పులుసులో ముంచాను. నా పరుగును పట్టుకోవడానికే అతను ఈ రోజు నాతో వస్తున్నాడని అప్పుడు తెలిసింది. పొద్దున ఒకటి పోయింది. సాయంత్రానికి రెండోది కూడా పోతుంది. ఆ తర్వాత నేనొకప్పుడు పరిగెత్తానని చెప్పడానికి ఈ లోకంలో ఏదీ ఉండదు. నలభై రెండు వేల వాచీలో ఉన్నదల్లా నా ముప్ఫై ఆరు నిమిషాలు, నా యాభై ఏడేళ్ళు.

"ముప్ఫై ఒకటికి దిగింది సార్," అన్నాడు మునిరాజు చెయ్యి కడుక్కుంటూ. "ప్లగ్గు ఈడే ఉండాది, క్లిప్పే లేదు."

బ్యాగు అరుగు మీద, నా తుండు కింద ఉంది. నేనూ వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. ఇరవై ఏళ్ళుగా క్వాలిటీ డిపార్ట్‌మెంటులో ఉన్నాను, లెక్క నాకు బాగా తెలుసు. పొద్దున ఐదు కిలోమీటర్లకు పదహారు శాతం తాగింది. పదికి ముప్ఫై రెండు కావాలి. బయల్దేరేసరికి ఇరవై ఎనిమిదే ఉంటుంది.

మూడున్నరకు కృష్ణగిరి డ్యాం చేరాం. ఊళ్ళోకి పోకుండా బైపాసు మీదుగా వస్తే సమయం కలిసొస్తుంది. ఆదివారం జనం ఎక్కువ, బండ్లు పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. పార్కు పక్క వరసగా చేపలు వేయించే బండ్లుంటాయి. ఒక బండి దగ్గర పెద్దావిడ మసాలా పూసిన చేపలను పెనం మీద సర్దుతోంది. మేం షూ లేసులు బిగించుకుంటుంటే ఆమె అడిగింది, "యాడికప్పా ఈ వేళప్పుడు ఉరికేది?"

"ఇట్ల పోయి ఇట్లే వస్తామమ్మా," అన్నాడు మునిరాజు. "రెండు ప్లేట్లు పెట్టుండు."

"నాకొద్దప్పా," అన్నాను. మాంసాహారం తినేవాళ్ళకు చెప్తున్నాను, ప్లేటు నూరు రూపాయలు, చాలా బాగుంటాయట.

దారి మామిడి తోపుల మధ్య ఐదు కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి. సరిగ్గా నాలుగుకు ఇద్దరం ఒకేసారి నొక్కాం. పోలిక కోసం, చివరిదాకా ఎవరూ ఆపకూడదనుకున్నాం. నేను కిలోమీటరున్నర పరిగెత్తాను. మోకాలు వద్దంది. నడుచుకుంటూ వెనక్కొచ్చి చేపల బండి పక్క బెంచీ మీద కూర్చున్నాను. వాచీ నడుస్తూనే ఉంది. ముప్ఫై అయిదు, నలభై. నలభై రెండు దగ్గర ఇప్పుడు పాతది చచ్చి ఉంటుందని అనుకున్నాను. సంతోషం కలిగింది. దాని వెనకే, ఒక్కడివీ ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావురా అనిపించింది. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళను చాలామందిని చూశాను. ఎదుటివాడి మద్దెల చించినవాణ్ణి మాత్రం అద్దంలోనే చూడాలి.

వాచీ చచ్చిపోతే మనిషి ఆగిపోతాడనుకున్నాను. నేనైతే ఆగేవాణ్ణి. కానీ యాభయ్యో నిమిషంలో తోపుల మలుపు దగ్గర మునిరాజు కనిపించాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి, తల ఒక పక్కకు వాలిపోయి, ఒకసారి కూడా చేతివైపు చూడకుండా వస్తున్నాడు. వచ్చి స్కూటరు మీద చెయ్యి వేసి వంగిపోయాడు. నా తెర మీద యాభై నిమిషాల యాభై రెండు సెకన్లు. ఆపాను.

ఊపిరి అందడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"ఎనిమిదో కిలోమీటరు దాటతానే చచ్చిపోయింది సార్ వాచీ. అప్పటికి మిమ్మల్ని దాటి కొంచెం ముందర ఉండాను. తెర నల్లగా అయిపోయె. నిలిచిపోదామా అనుకున్నాను."

"మరి ఎందుకు నిలవలేదప్పా?"

"వాచీ చచ్చిపోతే మీరు నిలుస్తారా సార్? ఎనకాల వస్తానే ఉంటారు గదా. ఆ భయంతోనే ఉరికినాను." అతను నా చేతివైపు చూశాడు. "ఎంతైంది సార్?"

నా వాచీ నా చొక్కా చేతి కింద ఉంది. పాతది చచ్చిపోయింది కాబట్టి దాని లోపల ఎనిమిది కిలోమీటర్ల పరుగే మిగులుతుంది, అది పదికి లెక్క కాదు. నా యాభై ఒకటి ఇరవై అలాగే ఉంటుంది. లోకంలో ఒకే ఒక్క సాక్షి నా చేతికే ఉంది.

"యాభై రెండు దాటిందప్పా," అన్నాను.

అతని ముఖం ఒక్క క్షణం పడిపోయింది. తర్వాత నవ్వాడు. అతను తిట్టినా నాకింత బాధ ఉండేది కాదు.

"అయితే కడాకు మీరే మళ్ళా నన్ను దాటేసినారు. మంచిదేలే సార్. రేపు పొద్దున ఉరకాలంటే ముందర ఒకరు ఉండాల గదా."

చేపల బండి ఆవిడ అతని ప్లేటులో ఒక ముక్క ఎక్కువ వేసింది. "అంత ఉరికొచ్చె పాపం," అంది. అతను డబ్బులిచ్చేలోగా నేనిచ్చాను. అదొక్కటే ఆ సాయంత్రం నేను చేసిన మంచి పని. గురుబరపల్లి దాకా ఇద్దరం ముందూవెనకగా వచ్చాం. అతను తన ఊరి దారి దగ్గర చెయ్యి ఊపి లోపలికి తిరిగాడు. నేను ఎనిమిదికల్లా మత్తిగిరి చేరాను. క్లిప్పు బ్యాగులోనే ఉంది.

ఇక పోలిక. కొత్తది అన్నిటిలోనూ మెరుగు. దారి తప్పదు, వెలుగు బాగుంది, బ్యాటరీ పదకొండు రోజులొస్తుంది. పాతది ఉపగ్రహాల కోసం తడుముకుంటుంది, నీళ్ళ మీద నడిపిస్తుంది, పావు ఛార్జింగుతో యాభై నిమిషాలు కూడా బతకదు. డబ్బుంటే కొత్తదే కొనండి. కానీ నేను దాన్ని పరుగు కోసం కొనలేదు, ఇంకొకడి పరుగు చూడలేక కొన్నాను. దానికి ఏ తరం వాచీ అయినా ఒకటే. నా రికార్డు పోతుందేమోనని దాచుకోబోయాను. దాన్ని ఒకటిన్నర సంవత్సరం రోజూ తెల్లవారగానే లేపి, ముందు పరిగెత్తించి, గౌరవంగా వెంటపడింది అతనొక్కడే. నేను సొరుగులో పడేసినదాన్ని అతను బతికించాడు. నేను దానికి ఛార్జింగ్ కూడా పెట్టలేదు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒకే ఒక్క సలహా: పాత తరం వాచీ అయితే దాని ఛార్జింగ్ క్లిప్పు, పవర్‌బ్యాంకు తప్పకుండా వెంట ఉంచుకోండి. మీ దగ్గర అదనంగా ఉంటే, పక్కవాడు అడగకముందే ఇచ్చేయండి. మునిరాజు క్లిప్పు సోమవారం షిఫ్టుకు తెస్తున్నాను. నా కొత్త వాచీలో ఆ సాయంత్రం కింద దూరం మూడు కిలోమీటర్లనే ఉంది, సమయం మాత్రం తుడవలేదు, అదీ చూపిస్తాను. చంద్రమ్మా, ఇదంతా నువ్వు చదివి వినిపిస్తావని నాకు తెలుసు. ఈ కడపటి మాట కొంచెం గట్టిగా చదువమ్మా. మునిరాజప్పా, ఆ పొద్దు నీది యాభై నిమిషాల యాభై రెండు సెకన్లు. నేను అబద్ధం చెప్పినాను. నువ్వు నన్ను దాటేసినావు.